పర్యావరణానికి మేలు చేసే స్టేడియాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

స్టేడియం నిర్వహించేవాళ్లు, క్లబ్బుల కమిటీల్లో ఉన్నవాళ్లు, కొత్తగా ఇండోర్ స్టేడియం కట్టాలనుకుంటున్న స్థానిక సంస్థలవాళ్లు, టికెట్ కొనుక్కుని గ్యాలరీలో కూర్చునే ప్రేక్షకులు అడిగే ప్రశ్నలు చాలావరకు ఒకటే. వాటికి జవాబులు ఇవి. కొన్ని పొడుగ్గా ఉంటాయి, కొన్ని రెండు ముక్కల్లో తేలిపోతాయి.

ఏడాదిలో మ్యాచ్‌లు జరిగేదే కొన్ని రోజులు. స్టేడియం వల్ల పర్యావరణానికి అంత నష్టం ఏముంటుంది?

ఆ "కొన్ని రోజులే" అన్నదే అసలు సమస్య. ఏడాదికి పాతిక, ముప్ఫై మ్యాచ్‌ల కోసం వేల టన్నుల స్టీలూ కాంక్రీటూ వాడి కడతాం. యాభై వేలమంది ఒకే గంటలో వస్తారు, ఒకే గంటలో వెళ్లిపోతారు. మిగతా రోజుల్లో అది ఖాళీగా ఉన్నా కరెంటు, నీళ్లు, మెయింటెనెన్స్ ఆగవు.

నష్టాన్ని నాలుగు పద్దుల కింద రాసుకోవచ్చు: కట్టడం, జనం ప్రయాణం, రోజువారీ కరెంటు-నీళ్లు, తిండీ చెత్తా. వీటిలో ఏది పెద్దదో చాలామంది తప్పుగా ఊహిస్తారు. 2022 ఖతార్ ప్రపంచకప్‌కు ఫిఫా ముందుగా వేయించిన అంచనా ప్రకారం మొత్తం ఉద్గారాలు (భూమిని వేడెక్కించే వాయువులు, కార్బన్ డయాక్సైడ్ లెక్కన) సుమారు 36 లక్షల టన్నులు. అందులో సగానికి పైగా ప్రయాణాలదే, దాదాపు పావు వంతు స్టేడియాల వంటి కట్టడాలది. ప్రపంచకప్ కాబట్టి విమానాల వాటా ఎక్కువ, నిజమే. కానీ మామూలు క్లబ్ గ్రౌండ్ లెక్క తీసినా అభిమానుల రాకపోకలే సాధారణంగా పైన ఉంటాయి. ఫొటోల్లో బాగా పడే ఫ్లడ్‌లైట్లు, సోలార్ కప్పు ఆ తర్వాతి మాట.

పైకప్పు నిండా సోలార్ ప్యానెళ్లు పెట్టేస్తే పని అయిపోదా?

పెట్టాల్సిందే. కానీ దాంతో పని అయిపోదు. తైవాన్‌లోని కావోష్యుంగ్ నేషనల్ స్టేడియం 2009లో మొదలైంది. డిజైన్ చేసినది జపాన్ ఆర్కిటెక్ట్ టోయో ఇటో. కప్పు మీద 8,844 ప్యానెళ్లున్నాయి, ఏడాదికి దాదాపు 11 లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ విషయంలో ముందు చెప్పే పేరు అదే.

చిక్కు ఎక్కడంటే, ప్యానెళ్లు పగలు పనిచేస్తాయి, పెద్ద మ్యాచ్‌లు రాత్రి జరుగుతాయి. ఎండ రోజూ వస్తుంది, మ్యాచ్ వారానికో పది రోజులకో వస్తుంది. కాబట్టి స్టేడియం సోలార్ అనేది నిజానికి ఊరికి కరెంటు అమ్మే చిన్న పవర్ ప్లాంటు. గ్రిడ్‌కు ఇచ్చి, అవసరమైనప్పుడు గ్రిడ్ నుంచి తీసుకునే ఒప్పందం సరిగ్గా లేకపోతే పెట్టిన పెట్టుబడి సగం వృథా. "మా స్టేడియం మొత్తం సోలార్ మీదే నడుస్తుంది" అని ఎవరైనా అంటే అది ఏడాది మొత్తం మీద తీసిన సగటు లెక్క. ఆ రాత్రి వెలుగుతున్న లైట్ల కరెంటు గ్రిడ్‌దే.

ఇంకో విషయం టెండరు పిలిచే ముందే చూసుకోవాలి. పాత స్టేడియాల కప్పులు చాలావరకు నీడ కోసం కట్టిన తేలికపాటివి. ప్యానెళ్ల బరువు, గాలి ఎత్తివేసే ఒత్తిడి అవి మోయలేవు. అలాంటి చోట పార్కింగ్ మీద షెడ్లు వేసి ప్యానెళ్లు పెట్టడం చవక. కడగడం, రిపేర్ కూడా తేలిక.

మరి బ్యాటరీలు పెడితే?

దీనికి మంచి ఉదాహరణ ఆమ్‌స్టర్‌డామ్‌లోని యోహాన్ క్రైఫ్ అరేనా. 2018లో అక్కడ 3 మెగావాట్ల సామర్థ్యంతో, 2,800 యూనిట్లు నిల్వ చేసే బ్యాటరీ పెట్టారు. 148 నిస్సాన్ లీఫ్ కార్లకు సరిపడా బ్యాటరీలు అందులో ఉన్నాయి. కొన్ని కొత్తవి, కొన్ని కార్లలో వాడి తీసినవి. కప్పు మీది 4,200 ప్యానెళ్ల కరెంటును అది దాచుకుంటుంది.

నాకు ఇందులో నచ్చింది సోలార్ భాగం కాదు. మ్యాచ్ మధ్యలో కరెంటు పోతే అని ప్రతి పెద్ద స్టేడియం డీజిల్ జనరేటర్లు సిద్ధంగా పెట్టుకుంటుంది. కొన్నిచోట్ల మ్యాచ్ నడిచినంతసేపూ వాటిని ఆన్‌లోనే ఉంచుతారు. ఆ పనిని బ్యాటరీ చేస్తే డీజిల్ పొగ తగ్గుతుంది. మ్యాచ్ లేని రోజుల్లో అదే బ్యాటరీ గ్రిడ్‌కు సేవలు అందించి డబ్బు సంపాదిస్తుంది. ఖాళీ రోజుల్లో కూడా పనిచేసే వస్తువు స్టేడియంలో ఏది పెట్టినా లాభమే.

ఫ్లడ్‌లైట్లను ఎల్‌ఈడీకి మారిస్తే ఎంత తేడా వస్తుంది?

లైట్లకయ్యే కరెంటు సుమారు సగం తగ్గుతుంది, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువే. కానీ కనిపించని లాభం ఇంకోటుంది. పాత మెటల్ హాలైడ్ బల్బులు ఆరిపోతే చల్లారి మళ్లీ వెలగడానికి పావుగంట దాకా పడుతుంది. 2013 సూపర్ బౌల్‌లో (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) కరెంటు పోయి ఆట 34 నిమిషాలు ఆగింది. ఆ బల్బులు మళ్లీ పూర్తిగా వెలగాల్సి రావడం ఆ ఆలస్యంలో ఒక కారణం. ఆ భయంతోనే పాత లైట్లను మ్యాచ్‌కు రెండు మూడు గంటల ముందే వేసి, అయ్యాక కూడా చాలాసేపు ఉంచేస్తారు. ఎల్‌ఈడీ స్విచ్ వేయగానే వెలుగుతుంది కాబట్టి ఆ గంటలన్నీ ఆదా. క్లీనింగ్ స్టాఫ్ పనిచేసేటప్పుడు పదో వంతు వెలుతురు చాలు, అదీ కుదురుతుంది.

మ్యాచ్ లేని రోజు కూడా కరెంటు బిల్లు ఎందుకు అంత వస్తోంది?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. అందరికంటే ముందు అడగాల్సింది ఇదే.

మ్యాచ్ లేని మంగళవారం రాత్రి రెండు గంటలకు మీ మీటర్ రీడింగ్ చూడండి. ఒక్క మనిషి లేని కట్టడం ఎంత లాగుతోందో ఆ అంకె చెబుతుంది. ఆ తర్వాత టార్చిలైటు పట్టుకుని ఒకసారి తిరిగి రండి. స్టాళ్లలో ఖాళీ కూల్‌డ్రింక్ ఫ్రిజ్‌లు తిరుగుతూనే ఉంటాయి. కార్పొరేట్ బాక్సుల్లో ఏసీ 22 దగ్గర సెట్ చేసి ఉంటుంది. ప్లేయర్ల షవర్లకని వేల లీటర్ల వేడినీళ్ల ట్యాంకు వారమంతా వేడిగానే ఉంటుంది. కారిడార్ టీవీలు స్టాండ్‌బైలో ఉంటాయి. భూగర్భ పార్కింగ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఎవరి కోసమో తిరుగుతుంటాయి. వీటిని ఆపొద్దని ఎవరూ చెప్పరు, ఆపమని కూడా ఎవరూ చెప్పరు. అందుకే అలా నడుస్తుంటాయి.

మొత్తానికి ఒకే మీటరు ఉంటే దొంగ ఎక్కడున్నాడో దొరకదు. కిచెన్లు, ఏసీ ప్లాంటు, లైట్లు, ఆఫీసులకు విడివిడిగా సబ్‌మీటర్లు పెట్టండి. మ్యాచ్ రోజుకు ఒకటి, ఖాళీ రోజుకు ఒకటి, ప్రాక్టీస్ రోజుకు ఒకటి చొప్పున ఏది ఎప్పుడు ఆన్ చేయాలో, ఎప్పుడు ఆపాలో షెడ్యూల్ రాసి కంట్రోల్ రూమ్‌లో అంటించండి. దీనికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. రిబ్బన్ కటింగ్ లేని పని కాబట్టి ఎవరూ ముందుకు రారు, అంతే తేడా.

పాత స్టేడియం పడగొట్టి కొత్త "గ్రీన్" స్టేడియం కట్టడం మంచిదా?

చాలా సందర్భాల్లో కాదు. ప్రపంచంలోని కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో 7 నుంచి 8 శాతం సిమెంటు తయారీదే. స్టీలు దానికి అదనం. కొత్త కట్టడం ఎంత పొదుపుగా నడిచినా, కట్టేటప్పుడు వెలువడిన ఉద్గారాలు తీరడానికి దశాబ్దాలు పట్టవచ్చు. ఏడాదికి కొన్ని రోజులే వాడే కట్టడం విషయంలో ఈ లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. రోజూ వాడే ఆఫీసు భవనంలో కరెంటు ఆదా రోజూ పోగవుతుంది, స్టేడియంలో అలా కాదు.

సియాటిల్‌లోని క్లైమేట్ ప్లెడ్జ్ అరేనాను 2021లో తెరిచారు. 1962 వరల్డ్ ఫెయిర్ కోసం కట్టిన పాత కప్పును, సుమారు 20 వేల టన్నుల బరువున్నదాన్ని, తాత్కాలిక స్తంభాల మీద నిలబెట్టి దాని కింద తవ్వి కొత్త అరేనా కట్టారు. ఇంజనీరింగ్ పరంగా నోరు వెళ్లబెట్టే పని. వంటలకు, వేడికి గ్యాస్ లేదు, అంతా కరెంటే. అయితే ఒక మాట గుర్తుంచుకోవాలి: మిగిలింది ప్రధానంగా కప్పు, కింద ఉన్నది దాదాపు అంతా కొత్తది. "పాతదాన్ని కాపాడాం" అన్నప్పుడు ఎంత కాపాడారో కూడా అడగాలి.

2024 పారిస్ ఒలింపిక్స్ ఇంకా సూటిగా వెళ్లింది. 95 శాతం వేదికలు ముందే ఉన్నవి లేదా తాత్కాలికంగా వేసినవి. పోటీల కోసం శాశ్వతంగా కొత్తగా కట్టినవి చాలా తక్కువ. వాటిలో ముఖ్యమైన ఆక్వాటిక్స్ సెంటర్‌ను చెక్కతో, మితమైన శాశ్వత సీట్లతో కట్టి స్థానికులకు మిగిల్చారు. 2004 ఏథెన్స్ వేదికల్లో చాలావాటికి పట్టిన గతి అందరికీ తెలిసిందే. అవి తెల్ల ఏనుగులై, గడ్డి మొలిచి, గేట్లు తుప్పుపట్టాయి. ఎవరూ వాడని స్టేడియానికి ఎన్ని సర్టిఫికెట్లున్నా ప్రయోజనం లేదు.

కొత్తది కట్టక తప్పదనుకుందాం. అప్పుడేం చూడాలి?

మొదట సీట్ల సంఖ్య. ఆర్కిటెక్టును పిలవడానికి ముందే ఉద్గారాలు సగం నిర్ణయమైపోయేది ఇక్కడే. పదేళ్లకోసారి వచ్చే ఫైనల్‌ను చూసుకుని 60 వేల సీట్లు కడతారు. మామూలు రోజుల్లో 20 వేలు నిండవు. 20 వేలకు కట్టి, అవసరమైతే తాత్కాలిక స్టాండ్లు అద్దెకు తెచ్చుకోవచ్చు.

తర్వాత మెటీరియల్. 2012 లండన్ ఒలింపిక్ స్టేడియంలో సుమారు 10 వేల టన్నుల స్టీలే వాడారు. ఆ సైజు స్టేడియానికి అది బాగా తక్కువ. పైన చుట్టూ ఉన్న రింగులో, వాడకుండా మిగిలిపోయిన గ్యాస్ పైప్‌లైన్ గొట్టాలను వాడుకున్నారు. చెక్క కూడా ఇప్పుడు గట్టి ప్రత్యామ్నాయం. ఇంగ్లండ్‌లోని ఫారెస్ట్ గ్రీన్ రోవర్స్ ఫుట్‌బాల్ క్లబ్బు జాహా హదీద్ ఆర్కిటెక్ట్ సంస్థతో దాదాపు పూర్తిగా చెక్కతో స్టేడియం డిజైన్ చేయించి 2019 చివర్లో ప్లానింగ్ అనుమతి తెచ్చుకుంది. అనుమతి వేరు, కట్టడం వేరు. డిజైన్ బొమ్మల ఆధారంగా ఇచ్చే "గ్రీన్ స్టేడియం" లాంటి బిరుదులను అంతవరకే తీసుకోవాలి.

మూడోది స్థలం. మెట్రోకో రైల్వే స్టేషన్‌కో నడిచి వెళ్లేంత దూరంలో లేకపోతే మిగతా జాగ్రత్తలన్నీ కలిపినా ఆ లోటు తీరదు.

విప్పి వేరే చోటికి తీసుకెళ్లే స్టేడియాల సంగతేంటి?

దోహాలోని స్టేడియం 974 ఈ ఆలోచనకు ప్రసిద్ధి. ఖతార్ ఫోన్ కోడ్ 974 కాబట్టి సరిగ్గా 974 షిప్పింగ్ కంటెయినర్లు, స్టీలు ఫ్రేముతో సుమారు 44 వేల సీట్లు. సముద్రపు గాలి ఆడేలా కట్టారు కాబట్టి మిగతా ఖతార్ స్టేడియాల్లా ఏసీ పెట్టలేదు. ప్రపంచకప్ అవగానే విప్పేస్తారని చెప్పారు. కానీ 2024 చివర్లో కూడా అందులో ఫిఫా మ్యాచ్‌లు జరిగాయి.

దాన్ని తప్పు పట్టక్కర్లేదు, కట్టిన చోటే వాడుకోవడమూ మంచిదే. అయితే విప్పడానికి వీలుగా కట్టాలంటే బోల్టు జాయింట్లకూ అదనపు ఫ్రేములకూ స్టీలు కాస్త ఎక్కువే పడుతుంది. మళ్లీ కట్టినప్పుడే ఆ అదనం తీరుతుంది. ఓడలో ఎంత దూరం వెళ్తుందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. లండన్ స్టేడియం విషయంలోనూ ఇలాగే అయింది. ఆటలయ్యాక పైన ఉన్న 55 వేల సీట్లు తీసేసి 25 వేల సీట్ల గ్రౌండ్‌గా మిగలాలన్నది మొదటి ప్లాన్. చివరికి అది వెస్ట్ హామ్ ఫుట్‌బాల్ క్లబ్ గ్రౌండ్ అయింది, మార్పులకు కోట్ల పౌండ్లు ఖర్చయ్యాయి. తర్వాత ఎవరు వాడుకుంటారో ముందే సంతకం అయ్యుంటే ఆ ఖర్చు చాలావరకు తప్పేది.

ఐస్ హాకీ, స్కేటింగ్ అరేనాలకు వేరే లెక్క ఉందా?

ఉంది, చాలా ఉంది. ఐస్ రింక్‌లో మ్యాచ్ ఉన్నా లేకపోయినా మంచు కరగకూడదు. రాత్రింబవళ్లు చిల్లర్ (మంచును చల్లగా ఉంచే యంత్రం) నడుస్తుంది. ఏటా వందల గంటలు నడిచే ఫ్లడ్‌లైట్లకూ వేల గంటలు నడిచే కంప్రెసర్లకూ పోలికే లేదు.

మొదటి శత్రువు కరెంటు కూడా కాదు, గొట్టాల్లో తిరుగుతూ చల్లబరిచే పదార్థం, అంటే రిఫ్రిజరెంట్. పాత ఆర్-22 వాయువు ఒక కిలో లీకైతే వందేళ్ల లెక్కన సుమారు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఓజోన్ పొరకూ చేటే. దాని స్థానంలో వచ్చిన ఆర్-404ఏ ఓజోన్‌ను ముట్టుకోదు కానీ, వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 3,900 రెట్లు. పాత రింక్‌లలో చిన్న చిన్న లీకులు, మళ్లీ నింపుకోవడాలు మామూలు విషయమైపోయాయి. ఆ సిలిండర్ల బిల్లులు తీసి లెక్కగడితే చాలామంది మేనేజర్లకు టెన్షన్ మొదలవుతుంది.

దీనికి రెండు దారులు. ఒకటి అమ్మోనియా. భూమిని వేడెక్కించే గుణం దానికి దాదాపు లేదు, పనితనం బాగుంటుంది, కానీ అది విషం. 2017లో కెనడాలోని ఫెర్నీలో ఒక అరేనాలో అమ్మోనియా లీకై ముగ్గురు చనిపోయారు. పాతబడ్డ గొట్టాలను సకాలంలో మార్చలేని చోట, లీక్ డిటెక్టర్లు, శిక్షణ పొందిన మనుషులు లేని చోట అమ్మోనియా జోలికి వెళ్లకూడదు. రెండోది కార్బన్ డయాక్సైడ్‌నే రిఫ్రిజరెంట్‌గా వాడటం. 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌లో స్పీడ్ స్కేటింగ్ జరిగిన "ఐస్ రిబ్బన్"లో మంచును ఇలాగే తయారుచేశారు. ఈ పద్ధతిలో బయటికి వచ్చే వేడి ఎక్కువ ఉష్ణోగ్రతలో ఉంటుంది కాబట్టి షవర్లకు, గదులకు వాడుకోవచ్చు.

ఖర్చు లేని పనులూ ఉన్నాయి. మంచు మందం అంగుళం దగ్గర ఉండాలి. రోజూ కాస్త కాస్త నీళ్లు పోస్తూ పోతే అది రెండంగుళాలవుతుంది, కింద గొట్టాల్లోని చలి పైకి రావడానికి చిల్లర్ ఇంకా కష్టపడుతుంది. వారానికోసారి నాలుగైదు చోట్ల డ్రిల్ చేసి మందం కొలిచి రాసుకోవాలి. రాత్రి ఎవరూ లేనప్పుడు మంచు ఉష్ణోగ్రతను ఒకటి రెండు డిగ్రీలు పెరగనివ్వొచ్చు. మంచును నున్న చేసే మెషిన్‌లో 60 డిగ్రీల వేడినీళ్లు పోయడం ఆనవాయితీ. వేడినీళ్లలో గాలి తక్కువ కాబట్టి మంచు గట్టిగా, స్వచ్ఛంగా వస్తుందని. ఆ గాలిని వేడి చేయకుండానే తొలగించే పరికరాలు ఇప్పుడున్నాయి. నీళ్లు కాచే ఖర్చూ తగ్గుతుంది, ఆ వేడిని మళ్లీ గడ్డకట్టించే ఖర్చూ తగ్గుతుంది. సియాటిల్ అరేనాలో కప్పు మీది వాననీటిని సుమారు 57 వేల లీటర్ల ట్యాంకులో పట్టి మంచుకు వాడుతున్నారు.

ఇండోర్ స్టేడియంలో ఏసీ ఖర్చు తగ్గించడం ఎలా?

మనుషులున్న చోటే చల్లబరచాలి, కప్పు కింద ఉన్న గాలినంతా కాదు. అమెరికాలోని శాక్రమెంటోలో 2016లో తెరిచిన గోల్డెన్ వన్ సెంటర్‌లో చల్లగాలి సీట్ల కింద నుంచి నెమ్మదిగా వస్తుంది. వేడి దానంతటదే పైకి పోతుంది. పెద్ద పెద్ద తలుపులు పైకి తెరిచి సాయంత్రపు చల్లగాలిని లోపలికి రానిస్తారు. ఉన్న స్టేడియంలో ఇది కొత్తగా అమర్చడం కష్టం. అక్కడ మాత్రం కార్బన్ డయాక్సైడ్ సెన్సర్లు పెట్టి, జనం సంఖ్యను బట్టి ఫ్యాన్లు నడిచేలా చేస్తే చాలావరకు పని జరుగుతుంది.

నిజమైన గడ్డి మంచిదా, కృత్రిమ టర్ఫా?

కృత్రిమ టర్ఫ్‌కు నీళ్లు, ఎరువు, మందులు అక్కర్లేదని అమ్మేవాళ్లు చెబుతారు. నీళ్ల సంగతి పూర్తిగా నిజం కాదు. మండుటెండలో టర్ఫ్ 60 డిగ్రీలు దాటుతుంది, ఆడాలంటే నీళ్లు కొట్టి చల్లబరచాల్సిందే. పెద్ద సమస్య అందులో నింపే రబ్బరు రేణువులు. బూట్లకు, వాననీటికి అంటుకుని అవి కాలువల్లోకి పోతాయి. ఐరోపాలో కావాలని వాడే మైక్రోప్లాస్టిక్‌లలో (అతి చిన్న ప్లాస్టిక్ ముక్కలు) పర్యావరణంలోకి ఎక్కువగా చేరేవి ఈ రేణువులే. ఏటా 16 వేల టన్నుల దాకా ఉంటాయని అక్కడి కెమికల్స్ ఏజెన్సీ అంచనా. అందుకే యూరోపియన్ యూనియన్ 2031 అక్టోబర్ తర్వాత వాటి అమ్మకం ఆపేస్తోంది. ఇప్పుడు టర్ఫ్ వేయించేవాళ్లు కార్క్, కొబ్బరి పీచు వంటి వాటితో నింపమని అడగడం తెలివైన పని.

నిజమైన గడ్డి కూడా అమాయకమైనదేమీ కాదు. ఎత్తైన గ్యాలరీల నీడలో గడ్డి పెరగదు కాబట్టి పెద్ద క్లబ్బులు చక్రాల బండ్ల మీద గ్రో లైట్లు పెట్టి గంటల తరబడి వెలిగిస్తాయి. కప్పులో కొంత భాగం పారదర్శకంగా ఉంచితే, లేదా ఎండ వచ్చే వైపు స్టాండు ఎత్తు తగ్గిస్తే ఆ లైట్ల అవసరం తగ్గుతుంది. ఇది డిజైన్ దశలోనే ఆలోచించాలి, తర్వాత చేయగలిగింది తక్కువ. రోజంతా పిల్లలు, క్లబ్బులు ఆడే చిన్న గ్రౌండ్లకు టర్ఫ్, వారానికి ఒకటి రెండు మ్యాచ్‌లుండే పెద్ద స్టేడియానికి గడ్డి. నా ఓటు దీనికే.

నీళ్లు ఎలా ఆదా చేయాలి?

గడ్డికి తాగునీరు పోయకండి, అంతే. శుద్ధిచేసిన మురుగునీరు, వాననీరు రెండూ గడ్డికి బాగా సరిపోతాయి. 2024 వేసవిలో బెంగళూరు నీటి ఎద్దడితో అల్లాడినప్పుడు చిన్నస్వామి స్టేడియం మైదానానికి శుద్ధిచేసిన నీళ్లనే సరఫరా చేశారు. అట్లాంటా మెర్సిడెస్-బెంజ్ స్టేడియంలో దాదాపు 80 లక్షల లీటర్ల వాననీరు పట్టే ఏర్పాటుంది. చుట్టుపక్కల పల్లపు కాలనీలకు వరద తప్పించడమూ దాని పని.

ప్లాస్టిక్ గ్లాసులు మానేసి ఏం వాడాలి?

డిపాజిట్ తీసుకుని, తిరిగిచ్చినప్పుడు డబ్బు వెనక్కిచ్చే గట్టి గ్లాసులు. జర్మనీ ఫుట్‌బాల్ స్టేడియాల్లో ఇది ఏళ్ల నాటి అలవాటు. ఒక్క షరతు: గ్లాసు తిరిగి రావాలి. గట్టి గ్లాసు తయారీకి పల్చటి గ్లాసు కంటే చాలా ఎక్కువ ప్లాస్టిక్ పడుతుంది. ప్రతి మ్యాచ్‌కూ జనం దాన్ని గుర్తుగా ఇంటికి పట్టుకుపోతే పాత పద్ధతే నయం. అందుకే గ్లాసు మీద తేదీ, జట్టు బొమ్మ, ఆటగాడి ముఖం వేయకండి. మార్కెటింగ్ టీమ్ అలిగినా సరే.

పారిస్ ఒలింపిక్స్‌లో చాలా స్టాళ్లలో ప్లాస్టిక్ సీసాలోంచి మళ్లీ వాడే గ్లాసులోకి పోసి ఇచ్చారు. జనం నవ్వుకున్నారు, విమర్శలూ వచ్చాయి. గ్లాసు మార్చే ముందు లోపలికి పానీయం ఎలా వస్తుందో, అంటే మెషిన్లు, పైపులు, నీటి కనెక్షన్ చూసుకోవాలి.

"కంపోస్టబుల్" అని రాసున్న మొక్కజొన్న ప్లాస్టిక్ గ్లాసులు మట్టిలో పడేస్తే కరగవు. దాదాపు 60 డిగ్రీల వేడి నిలిచే పెద్ద కంపోస్ట్ ప్లాంటు కావాలి. అది అందుబాటులో లేకపోతే అవీ ప్లాస్టిక్ చెత్తే.

"జీరో వేస్ట్" స్టేడియం అంటే చెత్త అసలు రాదా?

వస్తుంది. చెత్తలో 90 శాతం లేదా అంతకు మించి డంపింగ్ యార్డుకు పోకుండా రీసైక్లింగ్‌కో కంపోస్ట్‌కో మళ్లిస్తే ఆ పేరు వాడుకుంటారు. అట్లాంటా స్టేడియం 2022లో ఈ సర్టిఫికెట్ తెచ్చుకుంది.

అది ఎలా సాధ్యమవుతుందో చూడాలంటే మ్యాచ్ అయ్యాక గ్యాలరీలో ఉండాలి. జనం వెళ్లిపోయాక మొదటి విడతగా ఒక జట్టు ఒక్కో వరుసా నడుస్తూ సీసాలు, క్యాన్లు మాత్రమే ఏరుతుంది. రెండో విడతలో ఇంకో జట్టు తిండి మిగుళ్లు, కాగితం ప్లేట్లు తీస్తుంది. ఆ తర్వాతే బ్లోయర్లు, నీళ్ల గొట్టాలు. ముందే బ్లోయర్ కొడితే కెచప్ అంటిన కాగితమూ సీసా మూతా ఒకే కుప్పలో కలిసిపోయి రీసైక్లింగ్‌కు పనికిరావు. కింద లోడింగ్ దగ్గర ఇంకొందరు గ్లవ్స్ వేసుకుని సంచులు విప్పి మళ్లీ వేరు చేస్తారు. అర్ధరాత్రి దాటాక జరిగే ఈ పని మీదే ఆ 90 శాతం నిలబడి ఉంటుంది. వాళ్ల జీతం, షిఫ్టులు, మాస్కులు బడ్జెట్లో లేకపోతే రంగురంగుల డస్ట్‌బిన్లు ఎన్ని పెట్టినా చెత్త యార్డుకే పోతుంది.

డస్ట్‌బిన్ల విషయంలో ఒకే సలహా: రంగు కాదు, మూత రంధ్రం చూడండి. సీసాల డబ్బాకు గుండ్రటి చిన్న రంధ్రం ఉంటే జనం ప్లేటు అందులో కుక్కలేరు. గోల్ మిస్సవుతుందేమోనని పరిగెడుతున్న మనిషి బోర్డు చదవడు.

తిండిలో మార్పు అవసరమా?

మాంసంలో బీఫ్, గొర్రె మాంసం ఉద్గారాలు మిగతావాటికంటే చాలా ఎక్కువ. ఫారెస్ట్ గ్రీన్ రోవర్స్ 2015 నుంచి గ్రౌండ్లో పూర్తిగా వీగన్ తిండే (మాంసం, పాలు, గుడ్లు లేనిది) అమ్ముతోంది. అందరూ అంత దూరం వెళ్లక్కర్లేదు. మాంసం లేనివి మెనూలో మొదట రాసి, రుచిగా చేసి, ధర తక్కువ పెడితే అమ్మకాలు వాటంతటవే మారతాయి. మిగిలిన వేడి తిండిని అదే రాత్రి పంచిపెట్టే సంస్థతో ముందే ఒప్పందం చేసుకోవాలి. మ్యాచ్ అయ్యాక ఫోన్ చేస్తే ఎవరూ దొరకరు.

అభిమానుల ప్రయాణం మా చేతుల్లో లేదు కదా?

సగం ఉంది. సియాటిల్‌లో ఐస్ హాకీ మ్యాచ్ టికెట్ ఉంటే సిటీ రవాణా ఉచితం. జర్మనీలో చాలా క్లబ్బుల మ్యాచ్ టికెట్టే లోకల్ రైలుకు, బస్సుకు టికెట్. ఆ ఖర్చును క్లబ్బు రవాణా సంస్థతో మాట్లాడుకుని టికెట్ ధరలో కలిపేస్తుంది. రైలెక్కే ముందు జేబులోంచి డబ్బు తీయక్కర్లేదన్న ఒక్క సౌకర్యం చాలామందిని కారు దించుతుంది.

మ్యాచ్ టైమ్ కూడా క్లబ్బూ లీగూ చేతిలోదే. టీవీ కోసం రాత్రి 9 గంటలకు మొదలుపెట్టి, చివరి రైలు 11కే వెళ్లిపోతే ఎవరు మాత్రం రైల్లో వస్తారు? ప్రోగ్రామ్ వేసేటప్పుడే చివరి రైలు టైము పక్కన పెట్టుకోవాలి, లేదా అదనపు రైలు అడగాలి. మ్యాచ్ అయ్యాక అరగంట పాటలో, ముఖ్యాంశాలో పెద్ద తెరపై వేస్తే జనం విడతలుగా వెళ్తారు, స్టేషన్లో తొక్కిసలాట ఉండదు.

చెప్పడానికి ఎవరికీ ఇష్టం లేని భాగం పార్కింగ్. చవకగా, గేటు పక్కనే పార్కింగ్ ఉన్నంతకాలం కార్లు వస్తూనే ఉంటాయి. నలుగురితో వచ్చే కారుకు తక్కువ, ఒక్కరే వచ్చే కారుకు ఎక్కువ వసూలు చేయొచ్చు. దివ్యాంగులకు, వృద్ధులకు దగ్గరి చోట్లు తప్పకుండా ఉంచి మిగతావి తగ్గించొచ్చు. పార్కింగ్ ఆదాయం పోతుందని అకౌంట్స్ విభాగం అడ్డుపడుతుంది. ఆ గొడవకు సిద్ధపడకుండా "మేం గ్రీన్" అనడం బోర్డుకే పరిమితం.

"కార్బన్ న్యూట్రల్" మ్యాచ్, టోర్నీ అంటే నమ్మొచ్చా?

వెలువడిన ఉద్గారాలన్నిటినీ తగ్గించో, వేరే చోట తగ్గింపు కొనో సరిపెట్టామనడమే కార్బన్ న్యూట్రల్. ఖతార్ ప్రపంచకప్‌ను అలాగే ప్రచారం చేశారు. 2023 జూన్‌లో స్విట్జర్లాండ్‌లో ప్రకటనల తీరును చూసే కమిషన్, ఆ మాటకు ఆధారాలు చూపలేదని ఫిఫాను తప్పుపట్టింది. ప్రధాన విమర్శల్లో ఒకటి ఈ లెక్కల తీరు మీదే. స్టేడియాల కట్టుబడి ఉద్గారాలను వాటి జీవితకాలం మొత్తానికి పంచి, నెల రోజుల టోర్నీకి వచ్చే చిన్న ముక్కనే లెక్కలో వేసుకున్నారు. ఆ టోర్నీ లేకపోతే ఆ స్టేడియాలే లేవు కదా అన్నది విమర్శకుల ప్రశ్న. నాకూ అదే సబబనిపిస్తుంది.

ఎవరైనా ఈ మాట వాడితే మూడు అడగండి. ప్రేక్షకుల ప్రయాణం లెక్కలో ఉందా? కట్టడం ఉందా? తగ్గించింది ఎంత, బయట కొన్న కార్బన్ క్రెడిట్లతో సరిపెట్టింది ఎంత? మూడోదానికి జవాబు రాకపోతే మిగతా రెండూ అడగక్కర్లేదు.

సర్టిఫికెట్లకు విలువ ఉందా?

ఉంది, ఏది దేనికో తెలిసి వాడుకుంటే. లీడ్ (LEED), బ్రీమ్ (BREEAM) అనే గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్లు ప్రధానంగా భవనం ఎలా ఉందో చెబుతాయి. లండన్ ఒలింపిక్స్ నేపథ్యంలో 2012లో వచ్చిన ఐఎస్ఓ 20121 ఈవెంట్ నిర్వహణ పద్ధతికి సంబంధించింది. పద్ధతి ఉందని చెబుతుంది, ఫలితం ఇంత అని కాదు. వీటికంటే గట్టిగా పనిచేసేది లైసెన్సు నిబంధన. జర్మనీ ఫుట్‌బాల్ లీగ్ 2023-24 సీజన్ నుంచి క్లబ్బుల లైసెన్సు నిబంధనల్లోనే పర్యావరణ ప్రమాణాలు చేర్చింది. ఆడాలంటే పాటించాలి అన్నప్పుడు ఎవరూ వాయిదా వేయరు.

బడ్జెట్ తక్కువ. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఖాళీ రోజు మీటరు, ఆ తర్వాత సబ్‌మీటర్లు, లైట్లు. ఇవి తమ ఖర్చు తాము తీర్చుకుంటాయి. ఆ మిగులుతో టికెట్లో రవాణా కలపడం, చెత్త వేరు చేసే మనుషులు. సోలార్ ఆ తర్వాత. దానికి బయటి పెట్టుబడిదారులు సులభంగా దొరుకుతారు, ప్యానెళ్లు వాళ్లవే, మీరు కరెంటు కొనుక్కుంటే చాలు. రిఫ్రిజరెంట్ లీకులున్న ఐస్ రింక్ అయితే ఈ వరుస పక్కన పెట్టి ముందు లీకు ఆపాలి.

మాది చిన్న గ్రౌండ్. ఇవన్నీ మాకు వర్తిస్తాయా?

సగం వర్తించవు, ఆ మేరకు మీరు అదృష్టవంతులు. మీ స్టాండ్లు చిన్నవి, జనం నడిచో సైకిల్ మీదో వస్తారు, కట్టడం ఎప్పుడో అయిపోయింది. మీకు మిగిలేవి మూడు నాలుగు పనులు: లైట్లు ఎల్‌ఈడీకి మార్చి టైమర్ పెట్టడం, గడ్డికి పొద్దున్నే నీళ్లు పెట్టడం, పెట్రోల్ మొవర్ పాడైనప్పుడు బ్యాటరీది కొనడం, క్యాంటీన్‌లో స్టీలు గ్లాసులు పెట్టడం. సైకిళ్లు కట్టేసుకోవడానికి గేటు పక్కన, కాపలా మనిషికి కనిపించే చోట ఒక గట్టి స్టాండు వేయించండి. చోటు లేదనుకుంటే రెండు కార్ల పార్కింగ్ తీసేస్తే ఇరవై సైకిళ్లు పడతాయి.